ఎందుకమ్మా ఇవన్నీ

ఎవరైనా చేతిలో ఏదైనా పెట్టబోతే మా ఇంటి ఆడవాళ్ళందరి నోటా ఒకే మాట వస్తుంది. “అయ్యో, ఎందుకమ్మా ఇవన్నీ!” ఇచ్చేది గుప్పెడు పువ్వులైనా అంతే, పట్టుచీర అయినా అంతే. ఆ మాట అనకుండా చెయ్యి చాపితే ఆశపోతు అనుకుంటారని మాకు చిన్నప్పటినుంచీ ఒంటబట్టిపోయింది. ముందు వద్దనాలి, వాళ్ళు బతిమాలాలి. మళ్ళీ వద్దనాలి, వాళ్ళు చేతిలో కుక్కాలి. అప్పుడు నీ మాట కాదనలేక పుచ్చుకుంటున్నాను అన్నట్టు మొహం పెట్టి తీసుకోవాలి.

మా ఆడపడుచు ఈ విద్యలో ఆరితేరిన మనిషి. “ఎందుకొదినా ఇవన్నీ, నాకేం తక్కువని” అని ఆవిడ నోరు అంటూనే ఉండేది, చెయ్యి అప్పటికే పొట్లం కిందికి వెళ్ళిపోయి ఉండేది. ఒకసారి మా ఆయన తమాషాకి “సరేలేవే, వద్దంటున్నావుగా” అని పొట్లం వెనక్కి లాక్కున్నారు. అంతే, మూతి ముడుచుకుని వెళ్ళిన మనిషి మళ్ళీ మా పెద్దమ్మాయి పురిటికిగానీ మా గడప తొక్కలేదు. అప్పుడు కూడా ఆయనతో మాట్లాడలేదు, నాతోనే మాట్లాడింది. ఆయన పక్కనే ఉంటే “మీ ఆయన్ని అడుగు వదినా” అనేది.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టానంటే, ఆ మాట మూలంగానే మా మనవరాలు ఒక పిల్లని చేజార్చుకోబోయింది.

మనవరాలంటే మా రెండో అమ్మాయి కూతురు. బళ్ళో టీచరు. బడికి మా ఇల్లు దగ్గర కాబట్టి నా దగ్గరే ఉంటుంది. నేను చదివింది నాలుగో తరగతి దాకా, అది పాఠాలు చెప్పేది మూడో తరగతికి. “అంటే అమ్మమ్మా, నువ్వు నా క్లాసు ఎప్పుడో పాసైపోయావు” అని వెక్కిరిస్తూ ఉంటుంది. నేను మాత్రం తక్కువ తిన్నానా, “మరి పెద్దక్లాసు వాళ్ళని చూస్తే లేచి నిలబడాలని మీ టీచరు చెప్పలేదుటే?” అంటాను. మా ఇద్దరికీ పొద్దస్తమానం ఇదే వరస.

దాని క్లాసులో ఒక పిల్ల ఉండేది. పిల్లలంతా కలిసి ఆ పిల్లకి గుటకల పిల్ల అని పేరు పెట్టారు. ఏదైనా అడిగితే నోరు తెరుస్తుంది, మాట గొంతుదాకా వచ్చినట్టే ఉంటుంది, ఒక్క గుటక వేస్తుంది, నోరు మూసుకుపోతుంది. మాట లోపలికి వెళ్ళిపోతుంది. చెవుడు లేదు, నత్తి లేదు, రాస్తే అన్నీ సరిగ్గా రాస్తుంది. అంతకుముందు చెప్పిన టీచర్లు గదమాయించి చూశారట, గోడవైపు తిప్పి నిలబెట్టి చూశారట. అలా చేసినకొద్దీ గుటకలు పెద్దవయ్యాయి తప్ప మాట రాలేదు.

మా మనవరాలు గదమాయించలేదు. “ఇప్పుడు రాకపోతే పోనీలే. ఇంటికెళ్ళి ఆలోచించుకుని రేపు వచ్చి చెప్పు. కానీ అడిగిన ప్రశ్నని మాత్రం మధ్యలో వదిలెయ్యకూడదు, సరేనా?” అంది. మర్నాడు పొద్దున గంట కొట్టకముందే ఆ పిల్ల వచ్చి, బల్ల పక్కన నిలబడి, దీని చెవిలో నిన్నటి జవాబు చెప్పి, పరుగెత్తుకెళ్ళి తన చోట్లో కూర్చుంది. అలా రోజూ. కొన్నాళ్ళకి చెవిలో చెప్పేది బల్ల దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్ళకి తన చోటునుంచే, ఏరోజు ప్రశ్నకి ఆరోజే, మెల్లిగానే అయినా అందరికీ వినబడేట్టు చెప్పింది. 

ఆ రోజు మనవరాలు ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చేసింది. “అమ్మమ్మా, చెప్పేసింది! క్లాసులో చెప్పేసింది!” నేను చేస్తున్న పని వదిలేసి దాన్ని కావలించుకున్నాను. ఆ పిల్ల మొహం కూడా నేను చూడలేదు, కానీ రోజూ అన్నం దగ్గర కూర్చోగానే నా మొదటి మాట అదే అయిపోయింది. “ఇవాళ గుటకల పిల్ల ఏం చెప్పిందే?”

అలా అంతా సవ్యంగా సాగుతుండగా మా మనవరాలి పుట్టినరోజు వచ్చింది.

పిల్లలకి ఎలా తెలిసిందో తెలిసిపోయింది. వాళ్ళ దగ్గర దాస్తే దాగేది ఏముంది? బళ్ళో పెద్దమేడం కొత్త టీచర్లు చేరినప్పుడే ఈ విషయంలో గట్టిగా చెప్పి ఉంచింది. “పిల్లలు ఏదిచ్చినా అందరికీ ఒకేలా థాంక్స్ చెప్పాలి. ఒకరిదానికి ఆహా అని, ఇంకొకరిదానికి ఊఁ అంటే చిన్నమనసులు విరిగిపోతాయి. ఖరీదైనవి తీసుకోవద్దు. ఎవరిదీ క్లాసులో విప్పి చూడొద్దు.” మంచి మాటే. మా మనవరాలు ఆ మాట తుచ తప్పకుండా పాటించింది. ఒక్కొక్క పిల్లా వచ్చి ఒక పెన్నో, ఒక పువ్వో, తనే రంగులేసిన బొమ్మో ఇస్తుంటే, అందరితోనూ ఒకేలా నవ్వి, ఒకేలా అంది. ఏమంది? మా ఇంటి పిల్ల కదా, ఇంకేమంటుంది? “ఎందుకమ్మా ఇవన్నీ!”

పిల్లలకేం, గడుగ్గాయిలు. “తీసుకోండి టీచర్! తీసుకోవాల్సిందే!” అంటూ ఒళ్ళో పడేసి పారిపోయారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ, ఈ వద్దనడాలూ కుక్కడాలూ ఉంటాయిగా, వాళ్ళకి అలవాటే.

ఆఖరున గుటకల పిల్ల వచ్చింది. చేతిలో పాత పేపరులో చుట్టిన చిన్న పొట్లం. మనవరాలు అంతే నవ్వు నవ్వి, అదే మాట అంది. ఆ పిల్ల నోరు తెరిచింది. పొట్లం వంక చూసుకుంది. ఒక గుటక వేసింది. పొట్లాన్ని మళ్ళీ సంచీలో పెట్టేసుకుని, వెళ్ళి తన చోట్లో కూర్చుంది. ఇంతలో గంట మోగింది.

సాయంత్రం కానుకలన్నీ మంచం మీద పరుచుకుని నాకు చూపిస్తూ మనవరాలు ఈ సంగతి కూడా చెప్పింది.

“వెనక్కి తీసుకెళ్ళిపోయిందా? మరి నువ్వు బతిమాలలేదుటే?”

“ఇచ్చేవాళ్ళు బతిమాలాలి గానీ పుచ్చుకునేవాళ్ళు ఎలా బతిమాలతారు అమ్మమ్మా? ఇయ్యి ఇయ్యి అని పిల్ల వెంటపడనా?”

అదీ నిజమే. సిగ్గుపడి ఉంటుంది, రేపు ఇస్తుందిలే అనుకున్నాం ఇద్దరం.

మర్నాడు ఇవ్వలేదు. ఇవ్వకపోతే మానె, మాట్లాడలేదు. లెక్క అడిగితే గుటక. పద్యం అడిగితే గుటక. “పోనీలే, రేపు ఆలోచించుకుని చెప్పు” అంటే రేపూ రాలేదు, బల్ల దగ్గరికే రాలేదు. దీన్ని చూస్తే చాలు తల దించేసుకుంటోందట. ఇన్నాళ్ళ కష్టం గాలి తీసిన బెలూన్‌లా అయిపోయింది. అన్నం దగ్గర నేను అడగడం మానేశాను, అది చెప్పడం మానేసింది. కొన్నాళ్ళకి ఆ పిల్ల బడికే రావడం మానేసింది.

ఆ వారం చివర్లో ఒకరోజు మనవరాలు ఇంటికి వస్తూనే సంచీ కుర్చీలో పడేసి, గోడవైపు తిరిగి పడుకుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. అడగలేదు. కడుపులో మాట ఎక్కువసేపు దాచుకునే వంశం కాదు మాది, అదే చెబుతుందని నాకు తెలుసు.

“వాళ్ళ నాన్న వచ్చాడు అమ్మమ్మా.”

“ఏమన్నాడు?”

“పెద్దమేడంతో మాట్లాడాడు. బడికి పంపితే పిల్లకి మాట వచ్చింది కదా అని సంతోషపడ్డాను, ఇప్పుడు ఉన్నది కూడా పోయింది, ఇంట్లో నాతో కూడా మాట్లాడటం లేదు అన్నాడు. తన అక్క ఉండే ఊళ్ళో చేర్పిస్తాడట. కాగితాలు ఇవ్వమన్నాడు. మేడం సోమవారం రమ్మంది.”

“మరి నువ్వున్నావుగా అక్కడ?”

“ఉన్నాను. ఆయన వెళ్ళాక మేడం నన్ను పిలిచి, పిల్లని ఏమన్నావు అంది. ఏమీ అనలేదు మేడం, పుట్టినరోజు నాడు అందరికీ చెప్పినట్టే థాంక్స్ చెప్పాను అన్నాను. ఏమని చెప్పావు అంది. ఎందుకమ్మా ఇవన్నీ అన్నానన్నాను. అందులో తప్పేముంది, నేనూ అలాగే అంటాను అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.”

తల్లి లేని పిల్ల. తండ్రికి సైకిళ్ళు బాగుచేసే షాపు. ఇంటికి చుట్టాలొచ్చేదీ లేదు, వీళ్ళు పోయేదీ లేదు. ఆ మేనత్త ఊళ్ళో ఈ పిల్ల గుటకలకి ఆగేవాళ్ళు ఎవరుంటారు? మళ్ళీ గోడవైపు తిప్పి నిలబెడతారు. ఏదో ఒకటి చెప్పి దీన్ని ఊరడించాలని నోరు తెరవబోతున్నాను. అది చటుక్కున లేచి కూర్చుంది. లేచి మొహం కడుక్కుంది, జుట్టు ముడేసుకుంది.

“అమ్మమ్మా, చెప్పులేసుకో.”

“ఎక్కడికే?”

“షాపుకి. సోమవారం దాకా ఎందుకు? ఆ పిల్లకి ఏం కష్టం కలిగిందో దాన్నే అడుగుతాను.”

“అడిగితే చెప్పే పిల్లే అయితే ఇంత గొడవ ఎందుకే?”

“నేను అడిగితే చెప్పేది. మళ్ళీ చెబుతుంది.”

ఆ మాట అన్న తీరు చూసి నాకు ధైర్యం వచ్చింది. ఒట్టి చేతులతో ఎలా వెళ్తాం, పళ్ళైనా పట్టుకెళ్దాం అన్నాను. “ఏమీ వద్దు, పద” అని నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

బట్టలు కుట్టే ఆయన కొట్టుకీ, జెరాక్సు షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంది ఆ సైకిల్ షాపు. గోడకి మేకులు కొట్టి టైర్లని గాజుల్లా తగిలించారు. ఒక సైకిలు తలకిందులుగా కాళ్ళు పైకెత్తి ఉంది. ముందు ఒక నీళ్ళ తొట్టి, దాని పక్కన గొంతుక్కూర్చుని షాపాయన ట్యూబుని నీళ్ళలో ముంచి తిప్పుతున్నాడు. ఆ సైకిలు తాలూకు మనిషి నెత్తిమీద నిలబడి “ఎందుకయ్యా మాటిమాటికీ గాలి పోతోంది? ఎందుకు?” అని సతాయిస్తున్నాడు.

“ఉండండి. చూసి చెప్తాను” అన్నాడాయన. చూశాడు. ఎక్కడో సన్నగా బుడగలు లేచాయి. వేలు పెట్టి పట్టుకుని “ఇదిగో, ఇందుకు” అన్నాడు. తరవాత టైరు లోపలికి చెయ్యిపెట్టి, తడిమి తడిమి, చీమంత ఇనపముక్క పీకి ఆ మనిషి అరచేతిలో పెట్టాడు. “ఇదుంటే రేపూ పోతుంది, ఎల్లుండీ పోతుంది.”

అప్పుడు మా వంక చూశాడు. “ఏం కావాలమ్మా?”

“మీ అమ్మాయి టీచర్నండీ.”

ఆయన లేచి నిలబడ్డాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “కాగితాలు తెచ్చారా?”

“లేదండీ. మీ అమ్మాయితో ఒకసారి మాట్లాడదామని వచ్చాను.”

“అది మాట్లాడితే నేనెందుకు మాన్పిస్తానమ్మా?”

నేను “అది కాదు నాయనా…” అని అందుకోబోయాను. మనవరాలు నా మణికట్టు నొక్కింది. కోపం ఉన్నా పెద్దదాన్నని చూశాడు కాబోలు, ఒక స్టూలు తుడిచి నాకు వేశాడు. మనవరాలికి ఇంకోటి జరిపాడు. “కూర్చోండి” అని ఎదురుగా ఉన్న టీ కొట్టుకి వెళ్ళాడు.

అప్పుడు చూశాను ఆ పిల్లని. లోపల పేర్చిపెట్టిన టైర్ల దొంతర వెనక, బోర్లించిన డబ్బా మీద కూర్చుని, సైకిలు చైను ఒళ్ళో పెట్టుకుని కిరసనాయిలు గుడ్డతో లింకులు ఒక్కొక్కటే తుడుస్తోంది. పెద్ద కళ్ళు, చిక్కటి జడ, ముక్కుమీద గ్రీజు మరక. మమ్మల్ని చూసి టైరు చాటుకి జరిగింది. మనవరాలు కదలలేదు. అటువైపు చూడనట్టే కూర్చుంది.

వాళ్ళ నాన్న రెండు గ్లాసులు పట్టుకుని వచ్చి ఒకటి నాకిచ్చి, ఒకటి మనవరాలికి అందించాడు. పుట్టినప్పటినుంచీ నోటికి పట్టిన మాట కదా, మనసు ఎక్కడున్నా నోరు దాని పని అది చేసేసింది.

“అయ్యో, ఎందుకండీ ఇవన్నీ!”

“ఇవన్నీ అంటే?”

ఆ మాట అన్నది షాపాయన కాదు. టైర్ల వెనకనుంచి వచ్చింది. సన్నగా, అచ్చం గాలి పోతున్న ట్యూబులా. ఆయన గిరుక్కున అటు తిరిగాడు.

“ఇవన్నీ అంటే ఏవన్నీ?” మళ్ళీ వచ్చింది గొంతు. “టీ ఒకటేగా ఇచ్చారు. నేను తెచ్చింది కూడా ఒకటేగా.”

ఎన్ని నెలలుగా అన్నం దగ్గర విన్న పిల్ల! గొంతు వినడం అదే మొదలు. మనవరాలు తన గ్లాసు నా రెండో చేతిలో పెట్టేసి, వెళ్ళి ఆ నూనె నేలమీదే చతికిలబడింది. కట్టుకున్నది తెల్లచీర. నేను చూసీ ఏమీ అనలేదు, నేను ఏమీ అనకపోవడం అంటే మీరే అర్థం చేసుకోండి.

“ఆ రోజు నేనన్న మాట గురించేనా?” అంది మనవరాలు, మామూలుగా.

ఆ పిల్ల తల ఊపింది. నోరు తెరిచింది. గుటక వేసింది. సైకిలు బాగుచేయించుకోడానికి వచ్చిన ట్యూబు మనిషి కూడా ఇటే చూస్తున్నాడు.

“ఎందుకమ్మా ఇవన్నీ అని అడిగారు. ఇవన్నీ అంటే ఇంకా ఏమైనా పడేశానేమోనని సంచీలో చూసుకున్నాను. ఏమీ లేవు. ఎందుకు అంటే… ఎందుకో చెప్పడం రాలేదు.” ఇంకో గుటక. “ఆలోచించుకుని రేపు చెప్దామనుకున్నాను. రేపు కూడా రాలేదు.”

“మరి తరవాత నేను లెక్కలు అడిగాను, పద్యం అడిగాను. అవి వచ్చు కదా నీకు?”

“వచ్చు.”

“మరి?”

“ముందుదే చెప్పలేదుగా. వదిలెయ్యకూడదన్నారుగా. అది చెప్పకుండా తరవాతవి ఎలా చెప్తాను?”

షాపాయన చేతిలో గుడ్డ పక్కన పడేసి పిల్ల దగ్గరికి వచ్చాడు. “ఇదా నీ బాధ! ఇదా, నాతో కూడా మాట్లాడకుండా…”

“అది ప్రశ్న కాదమ్మా” అంది మనవరాలు.

“ఎందుకు అన్నారుగా.”

“అన్నాను. కానీ…”

“ఎందుకు అంటే ప్రశ్నేగా. నాన్నని అడిగితే వెతికి చెప్తాడు.”

మనవరాలు నావంక చూసింది. ఇక నేను కలగజేసుకోక తప్పదనుకున్నాను. “అది మాట వరసకి అంటారే తల్లీ. పెద్దవాళ్ళ మర్యాద. ఎందుకు అన్నామంటే వద్దని కాదు, కావాలనే అర్థం.”

“కావాలంటే వద్దంటారా?” అంది ఆ పిల్ల, ఎంత అమాయకంగా అంటే, ట్యూబు మనిషి పక్కకి తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

“అందరూ అంటారే. మా ఆడపడుచయితే…”

“అమ్మమ్మా, ఆవిడ కథ ఇంకోసారి” అంది మనవరాలు. తరవాత ఆ పిల్లకేసి తిరిగి, క్లాసులో పాఠం చెప్పేటప్పుడు కూర్చున్నట్టు సర్దుకుని కూర్చుంది. “అడిగావు కాబట్టి చెప్తాను. అది మొహమాటం. ఎవరైనా నాకోసం ఏదైనా తెస్తే లోపల చాలా సంతోషంగా ఉంటుంది. అది బయటికి కనబడితే ఆశపోతు అనుకుంటారేమోనని, అక్కర్లేనట్టు నటిస్తాం. మా ఇంట్లో అందరం అంతే.”

“అందరూనా?”

“మా అమ్మమ్మ మొదట.”

ఆ పిల్ల నన్ను వంకరపోయిన రిమ్మును చూసినట్టు పైనుంచి కిందిదాకా చూసింది. “సంతోషంగా ఉంటే సంతోషంగా ఉందనొచ్చుగా?”

“అనొచ్చు. ఇప్పటినుంచీ అదే అంటాను.” మనవరాలు కుడిచెయ్యి చాపింది. అరచెయ్యి పైకి, బాగా చాపి. “నాది నాకియ్యి.”

“ఏమేవ్!” అన్నాను నేను. మా వంశంలో నోరు తెరిచి, చెయ్యి చాపి, కానుక అడిగి పుచ్చుకున్న ఆడది అప్పటిదాకా పుట్టలేదు.

“నువ్వుండు అమ్మమ్మా. నా పుట్టినరోజుకి నాకోసం తెచ్చిందంటే అది నాదే. నాకు తీసుకోవడం చేతకాక ఇన్నాళ్ళూ దాని దగ్గర ఉండిపోయింది.”

ఆ పిల్ల చాపిన చేతివంక చూసింది. “లేదు” అంది.

“లేదా?”

“విప్పేశాను.”

“ఏం తీసుకెళ్ళావే అసలు?” వాళ్ళ నాన్న ముందుకి వంగాడు. “నాకు చెప్పనే లేదు.”

ఆ పిల్ల మాటతో చెప్పకుండా, మనవరాలి చాపిన చెయ్యి పట్టుకుని ఆయనవైపు తిప్పింది. బొటనవేలూ చూపుడువేలూ చూపించింది. చివర్లు తెల్లగా ఎండిపోయి, సన్నగా చీలి ఉన్నాయి. “చాక్‌పీసు వల్ల” అంది. “బోర్డు మీద రాశాక టీచర్ ఊదుకుంటారు.”

ఒకే ఇంట్లో ఉంటూ నేను రోజూ చూసే చేతులు. సబ్బు పడటం లేదనుకుని సబ్బు మార్చాను, అంతే.

ఏం చేసిందో అప్పుడు చెప్పింది, చెప్పాల్సింది ఉంది కాబట్టి గుటకలు కూడా తగ్గాయి. పాత గాలిపంపు రబ్బరు గొట్టంలోంచి వేలెడంత ముక్క తీసుకుంది. దాన్ని నిలువునా చీల్చింది. చీలికలో చాక్‌పీసు పెట్టి, పైనుంచి పనికిరాని ట్యూబులోంచి కోసిన సన్నటి ఉంగరాలు తొడిగి బిగించింది. వేళ్ళకి రబ్బరు తగులుతుంది, సుద్ద తగలదు.

“మళ్ళీ చేస్తావా?” అంది మనవరాలు. “ఇప్పుడే కావాలి నాకు. ఇక్కడే కూర్చుంటాను.”

“కొలత కావాలి. అప్పుడు అందాజుగా చేశాను. చెయ్యి అలాగే పెట్టండి. కదపకండి.”

టీచరుకి ఆర్డర్లు వేస్తోంది! మనవరాలు బుద్ధిగా చెయ్యి కదపకుండా పెట్టింది. ఆ పిల్ల గొట్టం ముక్కని దీని వేళ్ళ మధ్య పెట్టి చూసి, గోటితో గీత గీసి, వాళ్ళ నాన్నకిచ్చింది. “ఇక్కడ కొయ్యి నాన్నా. బ్లేడు నువ్వే పట్టుకో, నేను పట్టుకుంటే తిడతావు.” ఆయన కోశాడు. “ఇంకొంచెం పొట్టి.” మళ్ళీ కోశాడు. ఆయన ముక్కు ఎగబీలుస్తూ, నవ్వుతూ, పిల్ల ఎక్కడ చూపిస్తే అక్కడ కోస్తున్నాడు. ఇంతకీ తన ట్యూబు సంగతి ఏమిటని ఆ మనిషి అడగలేదు, ఇంకా దగ్గరికి వచ్చి వంగి చూస్తున్నాడు. నేను రెండు గ్లాసుల టీ తాగేశాను. అంతా అయ్యాక చూసుకుంటే రెండూ ఖాళీ.

మనవరాలి సంచీలో చాక్‌పీసు ఎప్పుడూ ఉంటుంది. ఆ పిల్ల దాన్ని గొట్టంలో దూర్చి, ఉంగరాలు తొడిగి, చేతిలో పెట్టింది. మా మనవరాలు పుచ్చుకుంది. వెంటనే, రెండు చేతులా పుచ్చుకుంది. లేచి షాపు చెక్కతలుపు మీద ఆ పిల్ల పేరు పెద్ద అక్షరాలతో రాసింది.

“గట్టిగా నొక్కకండి టీచర్. విరుగుతుంది. వదులుగా పట్టుకోండి. ఆఁ, అలా.”

రాయడం అయ్యాక మనవరాలు తన వేళ్ళు చూసుకుంది. పొడి లేదు. అప్పుడు చెప్పింది. పెద్దమేడం చెప్పమన్నట్టు అందరికీ ఒకేలా చెప్పేది కాదు, ఈ పిల్లకి మాత్రమే చెప్పేది. “వేళ్ళు మండటం లేదు. జారటం లేదు. చివరి ముక్క దాకా రాసుకోవచ్చు. నువ్వు నా చేతులు చూశావు, చూసి ఊరుకోకుండా నాకోసం ఇది చేశావు. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇది నేను రోజూ వాడతాను.”

ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. నావైపు తిరిగి అడిగింది. “ఇప్పుడు నేనేమనాలి?”

మా ఇంట్లో అయితే ఇచ్చినవాళ్ళు ఇక్కడ అనాల్సిన మాట ఇంకోటి ఉంది. “దానిదేముందిలెండి, ఇదీ ఒక ఇవ్వడమేనా” అనాలి. అది నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల మొహం చూసి గుటక వేసి మింగేశాను. “నీకు ఏమనాలనిపిస్తే అది అనమ్మా” అన్నాను.

ఆలోచించింది. తొందరేం లేదన్నట్టు ఆలోచించింది. మేమూ తొందరపెట్టలేదు.

“వదులైతే తీసుకురండి” అంది చివరికి. “ఉంగరాలు మారుస్తాను.”

“ఎక్కడికి తేను?” అంది మనవరాలు. దాని గొంతు మామూలుగానే ఉంది గానీ, చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. “మీ అత్తావాళ్ళ ఊరికా?”

ఆ పిల్ల వాళ్ళ నాన్న వంక చూసింది. ఆయన ట్యూబుని టైరులోకి ఎక్కిస్తున్నాడు. పని ఆపలేదు, తల ఎత్తలేదు.

“సోమవారం వచ్చి మేడంగారికి కనబడతాను” అన్నాడు. “కాగితాలు వద్దని చెప్పాలిగా.” తరవాత కూతురితో అన్నాడు, “షాపు ఇక్కడుంటే అత్త ఊరికి ఎందుకు వెళ్తారే మీ టీచరు? ఇక్కడికే తెమ్మను.”

“అక్కర్లేదు నాన్నా” అంది ఆ పిల్ల. నోరు తెరిచినప్పుడు ఈసారి గుటక పడలేదు, మాటే వచ్చింది. “బళ్ళోనే ఇవ్వండి టీచర్. నేను అక్కడే ఉంటాను.”